తలంబ్రాల వేళ కెమెరా ఆగిపోతే

పెళ్ళిపందిట్లో కెమెరాకు అసలు పరీక్ష తలంబ్రాల దగ్గరే. పురోహితుడు చెబుతున్నంతసేపూ వధూవరులు వంతులవారీగా, బుద్ధిగా పోసుకుంటారు. ఆ వంతులు అయిపోగానే పోటీ మొదలవుతుంది. దోసిలికి అందినంత తీసి ఒకరి తలమీద ఒకరు గుమ్మరిస్తారు. చుట్టూ ఉన్న బంధువులు ఎగదోస్తారు. పళ్ళెం మొత్తం ఎత్తి బోర్లించేదాకా ఆ సందడి ఆగదు. అంతసేపూ ఫోటోగ్రాఫర్ వేలు షట్టర్ బటన్ మీదనుంచి లేవదు. సెకనుకు ఎనిమిదో పదో ఫోటోలు పడుతూ ఉంటాయి. సరిగ్గా అప్పుడే కెమెరా మొరాయిస్తుంది. బటన్ నొక్కితే పలకదు. తెర నల్లబడుతుంది, లేదంటే ఏదో ఒక అంకె చూపించి ఊరుకుంటుంది. ‘హ్యాంగ్ అయిపోయింది’ అంటాడు ఆ ఫోటోగ్రాఫర్. చేతులు వణుకుతాయి. బ్యాటరీ తలుపు తీసి బ్యాటరీ లాగేస్తాడు.

పెళ్ళిళ్ళలోనే అని కాదు. శ్రీహరికోటలో రాకెట్ లేచేటప్పుడు, ఉప్పలపాడు చెరువు మీద కొంగలు గుంపుగా ఎగిరేటప్పుడు, కబడ్డీ కోర్టులో రైడర్ గీత దాటి వెనక్కి దూకేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఎడతెరిపి లేకుండా తీసినప్పుడే కెమెరా ఆగుతుంది. అలా తీయాల్సిన సందర్భాలన్నీ మళ్ళీ రానివే. కెమెరాలు వాడేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు రోజూ ఎదుర్కొనే ఈ చిక్కు గురించి ఈవేళ కొంచెం వివరంగా మాట్లాడతాను.

ముందుగా అన్నిటికంటే ముఖ్యమైన మాట చెప్పేస్తాను. మధ్యలో ఎవరైనా రేడియో దగ్గరనుంచి లేచి వెళ్ళినా ఈ ఒక్కటి వినిపోవాలని నా కోరిక. కెమెరా ఆగగానే బ్యాటరీ తీయకండి, కార్డు లాగకండి. కెమెరా వెనకవైపో, కార్డు తలుపు పక్కనో ఒక చిన్న దీపం ఉంటుంది. కొన్ని కంపెనీల కెమెరాల్లో ఎరుపు, కొన్నింటిలో ఆకుపచ్చ. అది వెలుగుతున్నా, మినుకుమినుకుమంటున్నా కెమెరా బతికే ఉందని అర్థం. లోపల పని జరుగుతోంది. మీరు తీసిన ఫోటోలు అప్పుడే కార్డులోకి ఎక్కుతున్నాయి. ఆ క్షణంలో బ్యాటరీ లాగితే ఇంకా ఎక్కని ఫోటోలు పోతాయి. అంతకంటే ఘోరం, ఏ ఫోటో ఎక్కడ ఉందో కార్డులో రాసుకునే పట్టిక సగంలో తెగిపోయి, అంతకుముందు తీసిన ఫోటోలు కూడా కనపడకుండా పోవచ్చు. కెమెరా ఆగడం వల్ల పోయేది నాలుగు ఫోటోలు. తొందరపడి బ్యాటరీ లాగడం వల్ల పోయేది పెళ్ళి మొత్తం.

కాబట్టి దీపం చూడండి. అర నిమిషం ఓపిక పట్టండి. ఎక్కువ సందర్భాల్లో ఆ అర నిమిషంలోనే కెమెరా తనంతట తాను తేరుకుంటుంది.

ఇంతకీ లోపల ఏం జరుగుతోంది?

1975లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు తొలి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. అది తీసిన బొమ్మలో చుక్కలు పదివేలు మాత్రమే, అదీ నలుపు తెలుపులో. ఆ ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అంటే డిజిటల్ కెమెరా పుట్టినప్పటినుంచీ తీయడం క్షణంలో పని, దాచుకోవడం ఆలస్యమయ్యే పని. ఇన్నేళ్ళలో రెండు వేగాలూ ఎంతో పెరిగాయి. వాటి మధ్య తేడా మాత్రం మిగిలిపోయింది. మన కెమెరా ఆగడానికి మొదటి కారణం ఆ తేడాలోనే ఉంది.

లెక్క చూద్దాం. ఇప్పుడు చాలామంది చేతుల్లో ఉన్నవి 24 మెగాపిక్సెల్ కెమెరాలు. ఒక్కో రా ఫైలు, అంటే సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉండే ఫైలు, కుదించిన తర్వాత కూడా సుమారు 25 నుంచి 30 మెగాబైట్లు ఉంటుంది. సెకనుకు పది తీస్తే 250 నుంచి 300 మెగాబైట్లు. ఆ కెమెరాలో ఉన్న మామూలు కార్డు నిజంగా రాయగలిగేది సెకనుకు ఏ 70 మెగాబైట్లో. మరి మిగిలింది ఎక్కడికి పోతుంది? సెన్సర్‌కూ కార్డుకూ మధ్య కెమెరాలో తాత్కాలికంగా దాచుకునే మెమరీ కొంత ఉంటుంది. దాన్ని బఫర్ అంటారు. నూనె గరాటులో పోస్తున్నట్టు అనుకోండి. కింద గొట్టం సన్నం, పైన మనం పోసేది ధార. గరాటు నిండేదాకా ఏ ఇబ్బందీ కనపడదు. నిండాక మాత్రం గొట్టం ఎంత వదిలితే అంతే పోయాలి.

బఫర్ వెయ్యి మెగాబైట్లు ఉందనుకుంటే, ఈ లెక్కన నాలుగైదు సెకన్లలో నిండిపోతుంది. ఆ తర్వాత సెకనుకు పది ఫోటోలు కాస్తా రెండూ మూడుకు పడిపోతాయి. వేలు తీసి ఊరుకుంటే అదంతా ఖాళీ కావడానికి పధ్నాలుగు, పదిహేను సెకన్లు పడుతుంది. ఈ పదిహేను సెకన్లనే ‘హ్యాంగ్’ అనుకుని మనవాళ్ళు బెంబేలెత్తుతారు. దీన్ని జబ్బు అనలేం, ఆ కెమెరా తయారైన పద్ధతే అంత.

బఫర్ ఎంత మిగిలిందో కెమెరా మనకు చెబుతూనే ఉంటుంది. చాలా నికాన్ కెమెరాల్లో షట్టర్ బటన్ సగం నొక్కితే వ్యూఫైండర్‌లో ‘ఆర్’ అనే అక్షరం పక్కన ఒక అంకె వస్తుంది. క్యానన్ డీఎస్ఎల్ఆర్‌లలో వ్యూఫైండర్ కుడివైపు చివర కనిపిస్తుంది. ఇంకా అన్ని ఫోటోలు వరసగా తీయవచ్చని దాని అర్థం. ఏళ్ళ తరబడి కెమెరా వాడుతున్నవాళ్ళు కూడా ఆ అంకె వైపు చూడరు. దయచేసి చూడటం అలవాటు చేసుకోండి.

ఇక కార్డు సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే లక్షలు పోసి కెమెరా కొన్నవాళ్ళు కూడా కార్డు దగ్గరికి వచ్చేసరికి రెండొందలు మిగుల్చుకోవాలని చూస్తారు. నా అభిప్రాయంలో ఈ వృత్తిలో చేసే పొదుపుల్లో ఇంతకంటే ఖరీదైనది లేదు.

కార్డు మీద పెద్ద అక్షరాలతో 170 అనో, 200 అనో రాసి ఉంటుంది. అది సాధారణంగా చదివే వేగం. అంటే ఫోటోలు కంప్యూటర్‌లోకి దించుకునేటప్పుడు పనికొచ్చే అంకె. కెమెరాకు కావలసింది రాసే వేగం. దాన్ని తెలుసుకోవాలంటే కార్డు మీద చిన్నగా ఉండే గుర్తులు చూడాలి. ఇంగ్లీషు ‘వీ’ అక్షరం పక్కన 30 ఉంటే ఎంత తగ్గినా సెకనుకు 30 మెగాబైట్లకు తగ్గకుండా రాస్తుందని హామీ. 60 ఉంటే 60, 90 ఉంటే 90. ఇంగ్లీషు ‘సీ’ అక్షరం లోపల పది అంకె మాత్రమే ఉంటే, ఆ హామీ పది మెగాబైట్లకే. అలాంటి కార్డు వేసి సెకనుకు పది రా ఫైళ్ళు తీయాలనుకోవడం కుదిరే పని కాదు.

ఇంకో గుర్తు, రోమన్ అంకె ఒకటి లేదా రెండు. ఒకటి ఉన్న రకానికి దారి వెడల్పు సెకనుకు 104 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. రెండు ఉన్న రకానికి 312 దాకా ఉంటుంది. రెండో రకం కార్డును తిప్పి చూస్తే వెనక లోహపు పళ్ళు ఒక వరసకు బదులు రెండు వరసలు కనిపిస్తాయి. అయితే కొనేముందు మీ కెమెరా ఏ రకం తీసుకుంటుందో పుస్తకంలో చూసుకోండి. కెమెరాలో ఒకటో రకం దారే ఉంటే, రెండో రకం కార్డు పెట్టినా ఒకటో రకం వేగంతోనే నడుస్తుంది. డబ్బు దండగ. కొత్త పెద్ద కెమెరాల్లో సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ కార్డులు వస్తున్నాయి. వాటి దారి చాలా వెడల్పు. ఆ సదుపాయం ఉన్నవాళ్ళకు ఈ బఫర్ బాధ చాలావరకు తప్పుతుంది.

కొన్ని చవక కార్డులకు ఇంకో గుణం ఉంది. మొదట్లో చురుగ్గా రాస్తాయి. కాసేపటికి వాటి లోపలి చురుకైన భాగం నిండిపోయి వేగం ఒక్కసారిగా పడిపోతుంది. దుకాణంలో నాలుగు ఫోటోలు తీసి చూస్తే బాగానే ఉంటుంది. అసలు రంగు సగం పెళ్ళి అయ్యాక బయటపడుతుంది.

నకిలీ కార్డులు మరో ప్రమాదం. లోపల ఎనిమిది గిగాబైట్లే ఉంటాయి. బయట 128 అని ముద్ర ఉంటుంది. కెమెరాకు కూడా 128 అనే చెబుతుంది. ఎనిమిది నిండేదాకా అంతా సవ్యంగా నడుస్తుంది. ఆ తర్వాత తీసినవి ఎక్కడా నిలవవు. కెమెరా తడబడుతుంది, లేదా ఏమీ ఎరగనట్టు తీస్తూనే పోతుంది. పట్టుకోవడానికి ఒకటే మార్గం, కార్డు మొత్తం నింపి తిరిగి చదివి చూడటం. ఆ పని చేసిపెట్టడానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. కొత్త కార్డు కొనగానే, అందులో ఏ ఫోటోలూ లేనప్పుడే, ఈ పరీక్ష చేయండి. గంటో రెండు గంటలో పడుతుంది. పట్టనివ్వండి.

సెల్‌ఫోన్‌లో వాడే చిన్న మైక్రో కార్డును అడాప్టర్‌లో పెట్టి కెమెరాలో వేసేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. కార్డుకూ కెమెరాకూ మధ్య ఉండాల్సిన ఒక కలయిక అప్పుడు రెండు అవుతుంది. చెమటా, దుమ్మూ చేరడానికి అక్కడ రెండు చోట్లు. సరదా ఫోటోలకు వాడుకోండి. డబ్బు తీసుకుని చేసే పనికి మాత్రం వద్దు.

సరే, కార్డు మంచిదే, కెమెరా మాత్రం పాతది, బఫర్ చిన్నది. అప్పుడేం చేయాలి? వేలితో సర్దుకోవాలి. తలంబ్రాల మొదటి వంతుల్లో ఒక్కో దోసిలికి రెండు మూడు ఫోటోలు చాలు. చేతులు పైకి లేచినప్పుడు ఒకటి, గింజలు రాలేటప్పుడు ఒకటి. అలా తీస్తే, చివర పోటీ మొదలయ్యే వేళకు బఫర్ ఖాళీగా మీ చేతిలో ఉంటుంది. మంగళసూత్రధారణ దగ్గర కూడా అంతే. మూడు ముళ్ళూ పడేదాకా బటన్ నొక్కిపట్టుకుంటే, వెంటనే పందిరంతా అక్షింతలు లేచే క్షణానికి కెమెరా పలకదు. ఆ అక్షింతల ఫోటోయే రేపు ఆల్బంలో రెండు పేజీల నిండా వేయాల్సింది. పెళ్ళితంతు తెలిసినవాడు బఫర్‌ను కూడా ఆ తంతు ప్రకారం ఖర్చుపెడతాడు.

రా ఫైలుతోపాటు, బాగా కుదించిన జేపెగ్ ఫైలు కూడా తీస్తుంటే భారం ఇంకా పెరుగుతుంది. జేపెగ్ ఒక్కటే అయితే ఎనిమిది, పది మెగాబైట్లతో సరిపోతుంది కాబట్టి వరస చాలా పొడుగ్గా సాగుతుంది. రెండు కార్డుల కెమెరాలో రెండింట్లోకీ ఒకేసారి రాయిస్తుంటే, వాటిలో నెమ్మదిగా నడిచే కార్డు వేగమే మొత్తం కెమెరా వేగం. అయినా పెళ్ళికి వెళ్ళినప్పుడు రెండు కార్డుల్లోకీ రాయించమనే నా సలహా. కొంచెం నెమ్మదైనా ఫోటో రెండుచోట్ల ఉండటం మేలు. అయితే రెండూ ఒకే వేగం కార్డులు పెట్టండి. ఒకటి మంచిది, ఒకటి పాతది పెట్టవద్దు.

మెనూలో మనం ఎప్పుడో పెట్టి మరిచిపోయిన సదుపాయాలు కూడా కెమెరాను ఆపుతాయి. ముఖ్యంగా రెండింటి పేర్లు గుర్తుంచుకోండి. ఒకటి లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్. రాత్రిపూట ముప్ఫై సెకన్లు షట్టర్ తెరిచి ఫోటో తీస్తే, కెమెరా షట్టర్ మూసుకుని మరో ముప్ఫై సెకన్లు చీకటి ఫోటో ఒకటి తనే తీసుకుంటుంది. రెండింటినీ పోల్చి మచ్చలు తీసేస్తుంది. ఆ ముప్ఫై సెకన్లు మనం ఏం నొక్కినా పలకదు. దీపావళి బాణాసంచా తీసేవాళ్ళు ఇది తెలియక కెమెరా చెడిపోయిందనుకుంటారు. రెండోది లెన్సు వంకరలు సరిచేసే డిస్టార్షన్ కరెక్షన్. ప్రతి జేపెగ్‌నూ కెమెరా సవరించాలి కనుక వరస తొందరగా తెగుతుంది. ఆ పని ఇంటికి వచ్చాక కంప్యూటర్‌లో చేసుకోవచ్చు. కెమెరాలోనే బిగించి ఉన్న చిన్న ఫ్లాష్ వాడేటప్పుడు, అది మళ్ళీ చార్జ్ అయ్యేదాకా ‘బిజీ’ అని చూపించి కొన్ని కెమెరాలు ఆగిపోతాయి. అదీ జబ్బు కాదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ కెమెరా ఏదో పనిలో ఉండి ఆగడం. నిజంగా నిలిచిపోవడం వేరు. దీపం వెలగదు. లేదా వెలిగి నిమిషాలు గడిచినా ఆరదు. స్విచ్ ఆపినా ఆగదు, వేసినా వెలగదు. ఇక్కడ మొదట అనుమానించాల్సింది కరెంటు.

వరసగా ఫోటోలు తీస్తున్నప్పుడు కెమెరాలో ఎన్ని పనులు ఒకేసారి జరుగుతాయో చూడండి. షట్టర్ మోటారు తిరుగుతుంది. డీఎస్ఎల్ఆర్ అయితే అద్దం లేచి పడుతూ ఉంటుంది. లెన్సులో ఫోకస్ మోటారు, వణుకు ఆపే యంత్రం, లోపల ప్రాసెసర్, కార్డులోకి రాయడం, అన్నీ ఒకే చిన్న బ్యాటరీ మీద. ఆ బ్యాటరీలో సాధారణంగా రెండు లిథియం సెల్స్ వరసగా ఉంటాయి. నిండుగా ఉన్నప్పుడు 8.4 వోల్టులు. పాతబడేకొద్దీ సెల్ లోపలి నిరోధం పెరుగుతుంది. ఊరికే ఉన్నప్పుడు వోల్టేజీ బాగానే చూపిస్తుంది. ఒక్కసారిగా కరెంటు లాగితే కుంగిపోతుంది. ఆ కుంగిన క్షణంలో కెమెరా మెదడు దారి తప్పుతుంది.

దీనికి ఒక స్పష్టమైన ఆనవాలు ఉంది. తెర మీద బ్యాటరీ సగానికి పైగా ఉన్నట్టు చూపిస్తుంది. ఒక్కొక్కటిగా తీస్తే ఏ గొడవా ఉండదు. వరసగా తీయగానే ఆగుతుంది. బ్యాటరీ తీసి పెడితే మళ్ళీ సగం ఉన్నట్టే చూపిస్తుంది. ఇది కనిపిస్తే కార్డులూ లెన్సులూ మార్చి శ్రమపడకండి. కొత్త బ్యాటరీ పెట్టి చూడండి. క్యానన్ కెమెరాలు చాలావాటిలో మెనూలోకి వెళితే బ్యాటరీ ఆరోగ్యం మూడు గళ్ళలో కనిపిస్తుంది. ఎర్రగా ఒక్కటే మిగిలితే దాని పని అయిపోయిందన్నమాట. నికాన్‌లో సున్నా నుంచి నాలుగు దాకా వయసు చూపిస్తుంది. నాలుగు వచ్చిందంటే పక్కన పెట్టేయాలి.

బయటి కంపెనీల చవక బ్యాటరీలు అన్నీ చెడ్డవని అనను. కానీ కెమెరా బ్యాటరీలో ఒక చిప్ ఉంటుంది. కెమెరాతో అది మాట్లాడుతూ ఉండాలి. నకిలీ చిప్ మధ్యలో మూగబోతే కెమెరా తికమకపడుతుంది. కింద బిగించే బ్యాటరీ గ్రిప్ ఉన్నవాళ్ళు దాన్ని తీసేసి, బ్యాటరీని నేరుగా కెమెరాలోనే పెట్టి ఒకసారి తీసి చూడండి. గ్రిప్ మర కొంచెం వదులైనా కలయిక తెగి కెమెరా ఆగిపోతుంది. ఇలాంటి ఫిర్యాదులు గ్రిప్ తీయగానే మాయం కావడం మా పనిలో తరచుగా చూస్తాం.

చలికి కూడా బ్యాటరీ బలం తగ్గుతుంది. శీతాకాలం తెల్లవారుజామున లంబసింగిలో మంచు తీయడానికి వెళ్ళేవాళ్ళు రెండో బ్యాటరీని చొక్కా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి తగిలేలా పెట్టుకోండి. చలికి నీరసించిన బ్యాటరీ వెచ్చబడ్డాక మళ్ళీ కొంత కోలుకుంటుంది.

మన ప్రాంతంలో చలికంటే ఎండతోనే బాధ ఎక్కువ. కెమెరా పుస్తకం చివరి పేజీల్లో, పనిచేసే ఉష్ణోగ్రత సున్నా నుంచి 40 డిగ్రీల వరకు అని రాసి ఉంటుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో నీడలోనే 45 దాటుతుంది. పైగా నల్లటి కెమెరా, ఎండలో నిలబడి తీసేవాడి చేతిలో. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకు ఈ బాధ మరీ ఎక్కువ. డీఎస్ఎల్ఆర్ సెన్సర్ ఫోటో తీసే క్షణంలోనే పనిచేస్తుంది. మిర్రర్‌లెస్‌లో మీరు కంటితో చూస్తున్నంతసేపూ సెన్సర్ పనిచేస్తూనే ఉంటుంది, వేడెక్కుతూనే ఉంటుంది. 2020లో వచ్చిన క్యానన్ ఆర్5 అనే ఖరీదైన కెమెరా విషయంలో, 23 డిగ్రీల చల్లటి వాతావరణంలోనే 8కె వీడియో ఇరవై నిమిషాలకు మించి సాగదని ఆ కంపెనీయే ముందుగా ప్రకటించింది. మన పందిళ్ళలో వీడియో లైట్ల కింద పరిస్థితి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

తెర మీద థర్మామీటర్ గుర్తు వచ్చిందంటే కెమెరా తనను తాను కాపాడుకుంటోందని గ్రహించండి. స్విచ్ ఆపండి. నీడలో పెట్టండి. వెనక తెర విప్పుకునే రకమైతే కెమెరా ఒంటికి దూరంగా తిప్పి ఉంచండి. కార్డు, బ్యాటరీ తలుపు తెరిచి కొద్దిసేపు గాలి తగలనివ్వండి. తడిగుడ్డ చుట్టకండి, ఏసీ గాలికి ఎదురుగా పెట్టకండి, ఫ్రిజ్‌లో అసలే పెట్టకండి. ఒక్కసారిగా చల్లబడిన లోహం మీద తేమ పట్టి లోపలి బోర్డు పాడవుతుంది. తీయని సమయంలో గొడుగు పట్టించుకోండి. ఒక సహాయకుడు గొడుగుతో పక్కన నిలబడటం చిన్నతనం కాదు.

కరెంటు, వేడి తర్వాత ఇక మూడో కారణం, కలయికల లోపం. లెన్సు వెనక బంగారు పూత వేసిన చిన్న చుక్కలు ఉంటాయి. వాటి ద్వారానే కెమెరా, లెన్సు మాట్లాడుకుంటాయి. అక్కడ చెమట జిడ్డు పడితే వరస మధ్యలో మాట తెగుతుంది. నూలు రాలని మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. మొండి జిడ్డయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు కొంచెం అద్ది తుడవండి, లెన్సు మీద నేరుగా పోయవద్దు. పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు చాలామందికి ఉంది. ఆ పొడి కెమెరా లోపల పడుతుంది, పూత కూడా అరిగిపోతుంది. నేను దానికి ఒప్పుకోను. వేరే కంపెనీ లెన్సు వాడేవాళ్ళు, ఆ లెన్సుకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందేమో కనుక్కోండి. లెన్సు తర్వాత వచ్చిన కొత్త కెమెరాలతో పాత సాఫ్ట్‌వేర్ పొసగక ఆగిపోయే సందర్భాలు ఉంటాయి.

కెమెరా చూపించే అంకెను రాసుకోండి. క్యానన్ డీఎస్ఎల్ఆర్‌లో ఎర్రర్ 01 అంటే లెన్సుతో మాట తెగిందని, 02 అంటే కార్డు అందడం లేదని, 04 అంటే కార్డు నిండిందని. పది నుంచి 99 దాకా వచ్చే అంకెలు లోపలి పనులకు సంబంధించినవి. ఒకసారి వచ్చి పోతే కంగారు లేదు. పదేపదే అదే అంకె వస్తే మెకానిక్‌కు ఆ అంకె చెప్పండి. ‘ఏదో వచ్చింది, చూడలేదు’ అంటే ఆయనకు సగం పని పెంచినట్టే.

అరుదుగా ఒక విచిత్రం జరుగుతుంది. కార్డులో చోటు ఉంటుంది, బ్యాటరీ నిండుగా ఉంటుంది, అయినా కెమెరా తీయదు. ఫోల్డరు సంఖ్య 999కి, ఫోటో సంఖ్య 9999కి చేరితే ఆపైన లెక్కపెట్టడానికి అంకెలు లేక ఆగిపోతుంది. ఫోటోలు దించుకుని, ఫైల్ నంబరింగ్ మొదటికి తెచ్చి, కార్డు ఫార్మాట్ చేస్తే సరి.

ఇన్ని కారణాలు ఉన్నప్పుడు అసలు దొంగను పట్టుకోవడం ఎలా? ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ఇదే మెకానిక్‌ల పద్ధతి. కార్డు, బ్యాటరీ, లెన్సు మూడూ మార్చేసి ‘బాగైంది’ అనుకుంటే దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు. మళ్ళీ ఆగినప్పుడు మళ్ళీ మొదటికే వస్తారు. ముందు బ్యాటరీ మార్చి అదే వరస తీయండి. ఆగితే పాత బ్యాటరీయే పెట్టి కార్డు మార్చండి. ఆ తర్వాత గ్రిప్ తీయండి, ఫ్లాష్ తీయండి, లెన్సు మార్చండి. చివరగా మెనూలో అన్నీ మొదటి స్థితికి తెచ్చే రీసెట్ చేయండి. అవన్నీ అయ్యాకా ఆగుతుంటే, కెమెరా సాఫ్ట్‌వేర్ కొత్తది వేయండి. అది వేసేటప్పుడు బ్యాటరీ నిండుగా ఉండాలి. మధ్యలో ఆగిపోతే కెమెరా పూర్తిగా మూగబోతుంది.

వీటిలో దేనికీ లొంగకపోతే షట్టరో, మోటారో, బోర్డో దెబ్బతిన్నదని అర్థం. మామూలు కెమెరాల షట్టర్‌ను లక్ష దెబ్బలకు పరీక్షించి ఇస్తారు. పెద్దవాటిని రెండు లక్షలు, నాలుగు లక్షలకు. ఒక సీజన్‌లోనే వేల ఫోటోలు తీసే స్టూడియో కెమెరాకు ఆ సంఖ్య చాలా తొందరగా వస్తుంది. వ్యూఫైండర్ నల్లగా ఉండి అద్దం పైకే నిలిచిపోతే, షట్టర్ రెక్కలు వంకరపడి కనిపిస్తే, వేలు పెట్టకండి. ఆ రెక్కలు కాగితంలాంటివి. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి.

కార్డులో ఫోటోలు కనపడకుండా పోయినా వెంటనే ఆశ వదులుకోకండి. ఆ కార్డును కెమెరాలోనుంచి తీసి పక్కన పెట్టండి. దాంట్లో మరో ఫోటో తీయకండి. కంప్యూటర్‌లో పెడితే ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది, వద్దనండి. పట్టిక చెడినా ఫోటోలు చాలావరకు లోపలే ఉంటాయి. ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములు వాటిని వెలికి తీస్తాయి. కొత్తగా ఏమీ రాయనంతవరకే ఆ అవకాశం. తిరిగి వచ్చిన ఫోటోలు వేరే డిస్కులోకి దించుకోవాలి, అదే కార్డులోకి కాదు. అలా ఒకసారి చెడిన కార్డును మళ్ళీ డబ్బు పనికి వాడకండి.

ఇంకో మాట, ప్రతి పనికి ముందు కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. అంతకుముందు అందులోని ఫోటోలు రెండు చోట్ల భద్రంగా ఉన్నాయో లేదో చూసుకోండి. కంప్యూటర్‌లో పెట్టి నాలుగు చెరిపి, నాలుగు ఉంచి, మళ్ళీ వాడటం వల్ల పట్టిక చిందరవందర అవుతుంది.

ముహూర్తాలు మొదలయ్యేలోగా మీరంతా ఒక్క పని చేయండి. ఇంట్లో ఫ్యాన్ కిందో, వాకిట్లోనో కూర్చుని, మీ కెమెరాలో పనికి వాడే కార్డే వేసి, పనికి వాడే బ్యాటరీయే పెట్టి, బటన్ నొక్కిపట్టి, అది ఆగేదాకా తీయండి. ఎన్ని ఫోటోలకు ఆగిందో, దీపం ఎన్ని సెకన్లకు ఆరిందో ఒక కాగితం మీద రాసుకోండి. మీ దగ్గరున్న కార్డులన్నింటితో, బ్యాటరీలన్నింటితో విడివిడిగా ఇదే చేయండి. తక్కువ పడిన కార్డు మీద, తొందరగా ఆగిన బ్యాటరీ మీద పెన్నుతో గుర్తు పెట్టి, వాటిని పెళ్ళికి తీసుకెళ్ళే సంచిలోనుంచి తీసేయండి.